లోకేశ్ కాంటాకు మూడో లైను

ఫిబ్రవరి 1. ఉదయం 5.30

నా కొడుకు లోకేశ్ లాప్‌టాప్ తెరిచాను. దసరా ముందు వాడు డెంగీతో పోయాక తెరవడం ఇదే మొదలు.

వాడు సగంలో వదిలిన పని ఇది. పసుపు సంచిని ఇంట్లోనే కాంటా మీద పెడితే లాప్‌టాప్ బరువు చూపించాలి. వాడు కొన్న కాంటాకు అంకెలు చూపే డబ్బా లేదు, వైరు ఒక్కటే ఉంది. పసుపు కొనే సేటు కాంటాను నమ్మలేక పెట్టుకున్న పని.

ఈ నెల ఇరవైన పసుపును సేటు దగ్గరికి తీసుకుపోయే బండి వస్తుంది. మా ఆయన గంగాకిషన్ తీర్పు చెప్పేశాడు. "గప్పటికి నడిస్తే మన తూకం. నడవకుంటే కాంటా పాత సామాన్లకు, లాప్‌టాప్ దివ్యశ్రీకి." దివ్యశ్రీ మా కూతురు. ఇంటి నుంచే డిచ్‌పల్లి వెళ్లి చదువుతోంది. అన్నీ చెరిపేసి వాడుకుంటుందట.

నా నియమాలు:
రోజూ పొద్దున గంట.
ఎవరినీ అడగకూడదు.
ఏడవకూడదు. ఏడిస్తే ఆ గంట లెక్కలోకి రాదు.

ఐదో తరగతి దాకా చదివాను. ఇరవై రోజులు ఎక్కువ. పదిలో అయిపోతుంది.

ఫిబ్రవరి 2. 5.40

రెండో నియమం పోయింది. లోకేశ్ దోస్తు రంజిత్‌కు ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో ఇలాంటి పనే చేస్తాడు.

"పెద్దమ్మా, లోకేశ్ రాసింది లిస్ప్ అనే భాషల. కాంటా కంపెనోళ్లు ఇచ్చిన సామాను సి అనే భాషల ఉంది. దీంట్లకెళ్లి దాన్ని పిలవాలె."

"గట్టిగ పిలిస్తే పలుకదా?"

"పలుకదు. మూడు ముచ్చట్లు చెప్పాలె. దాని పేరేంది, మనమేమిస్తం, అది తిరిగి ఏమిస్తది."

ఇంతేనా. పెళ్లి మాటలప్పుడూ ఇవే మూడు. కాకపోతే అక్కడ మూడోది ఎవరూ నిజం చెప్పరు.

లోకేశ్ తన వైపు పిలుపుల పేర్లన్నీ తెలుగులోనే పెట్టుకున్నాడు. కాంటా-తెరువు. బరువు-చెప్పు. కాంటా-మూయి. మొదటి రెండూ పూర్తిగా రాసి ఉన్నాయి. మూడోదానికి పేరు ఒక్కటే ఉంది. మూయకపోతే కాంటా ఒక సంచి తూచగానే బిగుసుకుపోతుందట, మళ్లీ లేవడానికి పావుగంట. అంటే నేను రాయాల్సింది ఒక్క లైను. నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 3. 5.50

వాడి తప్పు ఒకటి పట్టుకున్నాను.

ఇంట్ అంటే నిండు అంకె, డబుల్ అంటే చుక్క తర్వాతది కూడా అని రంజిత్ చెప్పాడు. మొదటి లైనులో ఇంట్ అని రాసినవాడు బరువు దగ్గర డబుల్ అని రాశాడు. బరువుకు చుక్క ఎక్కడిది? ముప్పై ఏళ్లుగా సేటు దగ్గర పసుపు పోస్తున్నాం. కిలోల మీద గ్రాములు ఎవరు రాశారు? నలభై తొమ్మిదిన్నర ఉన్నా నలభై తొమ్మిదే. వాడు ఏనాడు నిలబడ్డాడు అక్కడ?

డబుల్ తీసేసి ఇంట్ పెట్టాను. గర్వంగా ఉంది.

ఫిబ్రవరి 4. 6.00

సంచి పెట్టాను. సున్నా చూపించింది. పావుగంట ఆగి మళ్లీ పెట్టాను. ఒక కోటి ఎనభై లక్షల కిలోలు.

"ఏమే, ఒక్క సంచిల ఆర్మూర్ మొత్తం కుక్కినవా?" అన్నాడు మా ఆయన.

వైరుది తప్పు.

ఫిబ్రవరి 6. 6.20

కొత్త వైరు. తొంభై లక్షల కిలోలు. సగానికి తగ్గింది, అది మంచిదే. కంపెనీది తప్పు.

ఫిబ్రవరి 8

పసుపు ఉడకబెట్టే పని. లాప్‌టాప్ ముట్టలేదు. మనిషికి రెండు చేతులే.

ఫిబ్రవరి 10. 6.15

బరువు సంగతి తర్వాత చూద్దాం, ముందు మూడో లైను రాసేద్దామని రంజిత్‌కు ఫోన్ చేశాను.

"కాంటా-మూయి తిరిగి ఏమియ్యదు పెద్దమ్మా. గదే రాయాలె."

"ఏమియ్యనప్పుడు రాసుడెందుకు? ఖాళీగ ఇడుస్త."

"ఒప్పుకోదు. తిరిగి ఏం రాదు అని మనమే చెప్పాలె."

ఫోన్ పెట్టేశాను. మూడో నియమం కూడా పోయింది. ఈ గంట లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 11

మోకాలు నొప్పి.

ఫిబ్రవరి 12

మోకాలు. టైపు చేయడానికి మోకాలితో ఏం పని అని దివ్యశ్రీ అడిగింది. ఈ కాలం పిల్లలకు మర్యాద లేదు.

ఫిబ్రవరి 15

మోర్తాడ్ నుంచి ఆడబిడ్డ యమున వచ్చింది. కాంటాను చూసి కళ్లు తుడుచుకుంది.

"పోయినోని సామాను ఇంట్ల ఉంచుకోవద్దు వదినా. మనసు కాలుతది."

"ఏం జెయ్యాలె మరి?"

"నాకియ్యి. మక్కలు జోకుకుంట." మొక్కజొన్న తూచుకోవడానికట. ఇవ్వలేదు.

ఫిబ్రవరి 17

లాప్‌టాప్ దివ్యశ్రీకి ఇచ్చేశాను. చదువుకునే పిల్లకు అవసరం. నాలాంటి దానికి ఎందుకు? నేను మంచి తల్లిని.

ఫిబ్రవరి 19. సాయంత్రం 5.00

చెరిపే ముందు దివ్యశ్రీ ఒకసారి తెరిచి చూసిందట. వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, బరువుకు ఇంట్ అని అన్న పెట్టిండా?"

"నేనే దిద్దిన. గ్రాములెవరు రాస్తరే?"

"ఎవరు రాస్తలేరనే కదా అన్న రాసిండు."

అటువైపు నుంచి డబుల్ వస్తుంటే ఇటువైపు ఇంట్ అని చదివితే చెత్త అంకె వస్తుందట. గ్రాములు కొట్టేసి కిలోలు ఇవ్వడం దానికి రాదు. అది సేటుకు మాత్రమే వచ్చిన విద్య. సేటుకూ, నాకూ.

వైరుది కాదు. కంపెనీది కాదు. కొడుకు సరిగ్గా రాశాడు, నేను సేటు వైపు నిలబడి దిద్దాను. జీతం కూడా అడగలేదు.

ఫిబ్రవరి 20. ఉదయం 9.00

మళ్లీ డబుల్ పెట్టాను. సంచి ఎక్కించాను.

49.640.

ముగ్గురం చూశాం. తర్వాత బిగుసుకుపోయింది.

"మళ్ల లేపు," అన్నాడు మా ఆయన.

"పావుగంట పడుతది."

"మూసే లైను రాయలేదా?"

"మోకాలు నొచ్చింది."

బయట బండి హారన్. మిగిలిన ముప్పై ఒక్క సంచులు తూకం లేకుండానే ఎక్కాయి. తూచిన సంచి మీద దివ్యశ్రీ సుద్దతో అంకె రాసింది.

మధ్యాహ్నం 3.00

తండ్రితో పోయొచ్చిన దివ్యశ్రీ చెప్పింది. ఆ సంచి వచ్చినప్పుడు సేటు నలభై తొమ్మిది అన్నాడట. మా ఆయన సంచి మీద చెయ్యి పెట్టి దించనియ్యలేదట.

"ఆరు వందల నలభై గ్రాములు గూడ రాయి."

"ఏ కాంటా మీద చూసినవ్?"

"మా లోకేశ్ కాంటా."

ముప్పై ఏళ్లలో మా ఆయన అక్కడ ఎదురు మాట్లాడటం ఇదే మొదటిసారి. దానం చేస్తున్నట్టు మొహం పెట్టి సేటు రాశాడట. "మిగిలినయెంతున్నయో గది గూడ చెప్పు మరి," అని నవ్వాడట. దానికి జవాబు నా మోకాలి దగ్గర ఉండిపోయింది.

ఫిబ్రవరి 21. ఉదయం 5.30

గోళ పసుపు, అంటే కొమ్ములు విరిచాక మిగిలే దుంప, ఇంకా కల్లంలో ఎండుతోంది. మార్చి ఎనిమిదిన మళ్లీ బండి. అప్పటిదాకా చెరపనని దివ్యశ్రీ మాటిచ్చింది. కాంటాను మా ఆయన తనే తుడిచి గోడ పక్కన పెట్టాడు.

కొత్త నియమాలు:
రోజూ పొద్దున గంట.
ఎవరినైనా అడగొచ్చు.
ఏడవొచ్చు. గంట లెక్కలోకి వస్తుంది.
లోకేశ్ రాసింది దిద్దకూడదు.

5.45. మూడో లైను. పేరు రాశాను. మనమేమిస్తామో రాశాను.

5.50. తిరిగి ఏం రాదు అని రాయాల్సిన చోట ఆగాను. చాయ్ తాగి వచ్చి రాస్తాను.

6.10. చాయ్ అయిపోయింది. ఇంకొకటి పెట్టుకున్నాను.