గంటకి నలభై కాలర్లు

సెప్టెంబరు 1, సోమవారం

అమ్మ చేసే పనికి పుస్తకంలో ఒక పేరుందని ఈ రోజే తెలిసింది. శ్రమ విభజన! సోషల్ టీచర్ బోర్డు మీద రాయగానే ఒళ్లు ఝల్లుమంది. కుట్టుకేంద్రంలో అమ్మ కాలర్లు మాత్రమే కుడుతుంది. వెనక వరసవాళ్లు చేతులు, ఆ వెనక గుండీలు. తొమ్మిదేళ్లలో అమ్మ అక్కడ ఒక్క చొక్కా పూర్తిగా కుట్టలేదు. ఇంటికి పరిగెత్తి ఆ మాట చెబితే, పేరు పెడితే నడుంనొప్పి తగ్గుతుందా అంది.

సెప్టెంబరు 3, బుధవారం

ప్రాజెక్ట్ ఇచ్చారు. ఏదైనా పనిచోటును కళ్లారా చూసి రాయాలి. నాకు వెతుక్కునే పనే లేదు.

సెప్టెంబరు 6, శనివారం

క్యారేజీ ఇచ్చే వంకతో కుట్టుకేంద్రంలో రెండు గంటలు కూర్చున్నాను. కొత్తగా చేరిన అక్క మిషన్ గాలిలా పరిగెడుతోంది. కాలర్ల పెద్దమ్మ దగ్గింది. (అమ్మకన్నా పెద్దది కాబట్టి అందరికీ పెద్దమ్మే.) అక్క వేగం తగ్గించింది. కాసేపటికి మళ్లీ పరుగు, మళ్లీ దగ్గు. జలుబేమో అనుకున్నాను.

దారిలో అమ్మని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. గంటకి నలభై కాలర్లు దాటకూడదని వాళ్లలో వాళ్లు అనుకున్నారట. ఒకరు యాభై కుడితే మర్నాడు యజమాని అందరినీ యాభై కుట్టమంటాడు. పెద్దమ్మకి చూపు మందగించింది, నలభైకే ఆపసోపాలు పడుతుంది. యాభై అంటే ఆవిడని ఇంటికి పంపేస్తారు. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు కూడా నలభై దగ్గర ఆగుతారు. ఎవరైనా మరిచిపోతే ఆ దగ్గు.

దీనికీ పుస్తకంలో పేరుంది. సామాజిక కట్టుబాటు. కాలు ఒకచోట నిలవడం లేదు నాకు.

సెప్టెంబరు 8, సోమవారం

మూడుసార్లు తిరగరాశాను. దగ్గు గురించిన పేరా నాకే ముద్దొస్తోంది.

సెప్టెంబరు 10, బుధవారం

టీచర్ క్లాసంతటికీ చదివి వినిపించారు. చార్టు మీద రాయించి హాల్లో తగిలించారు, ఫస్ట్ ప్రైజ్ నాకేనన్నారు. ఎల్లుండి ఎగ్జిబిషన్ ప్రారంభించేది ఎవరో కాదు, కుట్టుకేంద్రం యజమానే. మా హాలుకి ఫ్యాన్లు ఇచ్చింది ఆయనట. ఆయన నా చార్టు చదువుతారని అమ్మకి గంతులేస్తూ చెప్పాను.

ఏం రాశావో చదవమంది. చదివాను. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

పేర్లు ఎక్కడా రాయలేదమ్మా అన్నాను.

“మా కుట్టుకేంద్రంలో అలా దగ్గేది ఒక్కతే కదే,” అంది.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పొయ్యి కట్టేసి, ఈ సంగతి గడప దాటనివ్వొద్దని పెద్దమ్మ ముందే అంటూ ఉండేదనీ, పిల్ల ముందు నోరు జారిన తప్పు తనదేననీ గొణుక్కుంది.

సెప్టెంబరు 11, గురువారం, మధ్యాహ్నం

టీచర్‌ని బతిమాలాను. అంత మంచి చార్టు తీసేస్తే గోడ బోసిపోతుందట. పెద్దమనిషి అవన్నీ పట్టించుకోడట. లెక్కల క్లాసులో కూర్చున్నానే గాని చెవికి ఏమీ ఎక్కలేదు. ఈ గుబులుకి పుస్తకంలో పేరుందేమోనని చివరి పేజీ దాకా వెతికాను. లేదు.

సాయంత్రం 5:40

బడి వాచ్‌మన్ తాత ఆరున్నరకే గేటు తీస్తాడట. పెద్దమ్మ ఇంట్లోంచి పనికి బయల్దేరేది ఏడింబావుకి. రేపు పొద్దున్నే చార్టు నా చేత్తో దింపి, చుట్టచుట్టి, తీసుకెళ్లి ఆవిడకి ఇచ్చేస్తాను. ఏం రాశానో ముందు చదివి వినిపిస్తాను. దగ్గుతో సహా.