మొక్కల పేరు చెప్పి

అమ్మాయీ,

నువ్వూ మాస్టారూ క్షేమమని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. నీ ఆర్కిడ్లే అంతంతమాత్రంగా ఉన్నాయి. కొత్త ఇంటి కిటికీలకి ఎండ రాదని వాటిని నాకు అప్పగించి వెళ్ళావు. మొక్కలంటే పొద్దున ఓ చెంబుడు నీళ్ళు పోస్తే బతికేస్తాయని అనుకునేదాన్ని. ఇవేమో కొత్త అల్లుళ్ళలా మాటిమాటికీ అలుగుతున్నాయి.

ముందు గదిలోని సీతాకోకచిలుక పూల మొక్కకి నీళ్ళు ఎక్కువయ్యాయి. ఆకుల నడుమ చెమ్మ నిలిచి మొవ్వు మెత్తబడింది. మన కళ్ళజోళ్ళ షాపులో అద్దాల మీద గీతలు వెతికే భూతద్దం తెచ్చి దాని వేళ్ళు చూశాను. పచ్చగా ఉంటే దాహం లేనట్టు, వెండి రంగుకి తిరిగితే నీళ్ళు పోయాలి అని నువ్వు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. దూదితో తడి అద్ది తీశాను. బతికేటట్టే ఉంది.

వరండాలో వేలాడే వాండా ఉందే, నువ్వు దొరసాని అనేదానివి, దానికి మట్టీ లేదు, కుండీ లేదు, వేళ్ళన్నీ గాలిలోనే. రోజూ బకెట్లో ముంచి స్నానం చేయిస్తున్నాను. పక్కింటి టైపిస్టు చూసి, "ఏంటండీ, పసిపిల్లకి పోసినట్టు పోస్తున్నారు!" అని నవ్వింది. "పసిపిల్లయితే ఏడ్చి చెప్తుందమ్మా, ఇది అదీ చెప్పదు" అన్నాను.

డెండ్రోబియం మొక్క ఆకులన్నీ రాల్చేసి కట్టెపుల్లల్లా నిలబడింది. కత్తెర పట్టుకుని దగ్గరికి వెళ్ళాను, చేయి రాలేదు. ఆ కాడలు కోసెయ్యాలా, ఉంచాలా? వెంటనే రాయి.

నా కొడుకు పోయినప్పుడు కూడా ఇల్లు ఇంత బోసిపోలేదు. అప్పుడు నువ్వున్నావు.

ఆశీస్సులతో,
అత్తయ్య

*

అమ్మాయీ,

నీ జవాబు అందింది. ఎండిన కాడలే మొక్కకి తిండి దాచిపెడతాయని, చలి రోజుల్లో నీళ్ళు తగ్గించి దాని మానాన దాన్ని వదిలేయమని రాశావు. అలాగే వదిలేశాను.

ఇక నుంచి నీకు ఉత్తరాలు రాయను. కారణం చెప్పకుండా మానేస్తే నువ్వు బెంగపడతావని ఈ ఒక్కటీ రాస్తున్నాను.

మొన్న మీ ఇంటికి ఫోన్ చేశాను. మీ కొత్త అత్తగారు ఎత్తి, "ఎవరండీ మాట్లాడేది?" అన్నారు. ఎంతో మర్యాదగా అడిగారు. నేనెవరినని చెప్పను? మొదటి అత్తగారినని చెప్పనా? చచ్చిపోయిన భర్త తల్లినని, నిండు సంసారం జరిగే ఇంట్లోకి చావు కబురు మోసుకెళ్ళనా? వేలువిడిచిన మేనమామకి సైతం మనవాళ్ళు ఓ పేరు పెట్టారు, నీకూ నాకూ మధ్య ఉన్నదానికి పెట్టలేదు. "కళ్ళజోళ్ళ షాపు నుంచండీ" అని పెట్టేశాను.

ఈ సంబంధం చూసింది నేను. నిన్ను ఒప్పించింది నేను. "వెళ్ళిన చోటే నీ ఇల్లు, వెనక్కి తిరిగి చూడకు" అన్నదీ నేనే. నువ్వు బయలుదేరేటప్పుడు వంటింట్లోంచి బయటికి రాలేదని నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. ఎవరేమనుకుంటేనేం? వస్తే నీ చేయి పట్టుకుంటాను. పట్టుకుంటే వదలను. నా సంగతి నాకు తెలుసు.

ఇప్పటికీ సాయంత్రం షట్టరు దించేటప్పుడు రెండో వైపు నువ్వు పట్టుకుంటావని ఒక్క క్షణం ఆగుతాను. నీ తడి గొడుగు నీళ్ళు కార్చే మూల ఇప్పుడు పొడిగా ఉంటే చూడబుద్ధి కాదు. మొక్కల గురించి నేనడిగిన వాటిలో సగం నాకు ముందే తెలుసమ్మా. నీ చేతిరాత చూడాలని అడిగాను. ఇలా మొక్కల పేరు చెప్పి నీ కొత్త గుమ్మంలోకి తొంగి చూస్తూ ఉండటం నాకు తగదు. పార్కు తోటమాలి మంచివాడు. వచ్చే వారం కుండీలన్నీ అతనికి ఇచ్చేస్తాను. దొరసానికి ఎండ చాలా కావాలని మరీ మరీ చెప్తాను.

నువ్వు చల్లగా ఉండాలి.

అత్తయ్య

*

అత్తయ్యా,

మొక్కల్ని ఎవరికీ ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే వెళ్ళి తెచ్చేసుకోండి, తోటమాలి ఏమనుకున్నా సరే.

మా కిటికీలకి ఎండ రాదన్నది అబద్ధం. వంటింటి నిండా ఎండే. మొక్కలు మీ దగ్గరుంటే ఏదో ఒకటి అడగడానికైనా రాస్తారని వదిలి వచ్చాను. వెనక్కి తిరిగి చూడొద్దన్నారు, వీధి మలుపు దాకా చూడలేదు. చూస్తే గుమ్మంలో మీరు లేరని తెలిసిపోతుందని భయం. నన్ను వదిలించుకున్నారనే అనుకున్నాను అత్తయ్యా. ఇన్నాళ్ళూ ఆ ముల్లు లోపలే ఉంది. మీ ఉత్తరం చదివాక తీసి పారేశాను.

ఆ రోజు ఫోన్ పెట్టాక మా అత్తగారు, "కళ్ళజోళ్ళ షాపట, నీకు కళ్ళజోడు ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నారు. నేను నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. పాపం ఆవిడ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు. అప్పుడు అంతా చెప్పాను. "అయ్యో, పిచ్చితల్లి, నాతో చెప్తే నేనేమన్నా కొరికేస్తానా!" అన్నారు. మాస్టారు ఆన్సరు పేపర్లు దిద్దుతూ అంతా విని, తలెత్తకుండానే, "ఇందులో ఇబ్బందేముంది? ఆవిడ నీకు అమ్మతో సమానమైతే నాకు అత్తయ్యే కదా. ఎటు నుంచి లెక్కేసినా మాట ఒకటే" అన్నారు. లెక్కల మాస్టారు కదా, ఆయనకి అన్నీ అలాగే తేలతాయి.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నాకు నెల తప్పింది. డాక్టరమ్మ ఖాయం చేసింది. హాస్టల్లో ఉన్నప్పుడు పెళ్ళిళ్ళయిన అక్కలు, కాన్పుకి అమ్మ దగ్గరికి వెళ్తున్నామని రాసేవాళ్ళు. అమ్మ లేనిదాన్ని, ఆ మాట నేను ఎవరితోనూ అనలేనని అప్పుడే తెలుసు. నిన్న మా అత్తగారితో అన్నాను. "కాన్పుకి అమ్మ దగ్గరికి వెళ్తానండీ" అని. ఆవిడ ఏ అమ్మ అని అడగలేదు. "వెళ్ళిరా" అన్నారు.

ఈలోగా ఒకసారి చూసి వెళ్ళడానికి ఆదివారం ఇద్దరం వస్తున్నాం. హాల్లో మీ అబ్బాయి ఫొటో మాస్టారు వస్తున్నారని తీసి దాచేస్తారేమో, దాచకండి. ఎక్కడున్నది అక్కడే ఉండనివ్వండి. ఆయనకి అన్నీ తెలుసు. వచ్చాక మీ ముగ్గురినీ నేనే కలుపుతాను.

పొద్దున లేస్తే వాంతులు, మధ్యాహ్నమైతే గుండె దడ. ఇది మామూలో కాదో ఎవర్ని అడగాలో తెలియక మూడు రోజులుగా దిగమింగుకుని కూర్చున్నాను. నాకు చాలా భయంగా ఉంది అత్తయ్యా. వస్తున్నాను.

మీ
అమ్మాయి