ఏడో నంబరు

నాన్నా,

కంటి కట్టు విప్పారని తమ్ముడు చెప్పాడు. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, ఆగి ఆగి చదువు. ఫోన్‌లో నీ గొంతు వింటే ఇది చెప్పలేను.

నువ్వు ఆస్పత్రిలో ఉండగా పెరటి షెడ్డు ఖాళీ చేయించాం కదా. అక్కడ దుప్పటి కప్పి ఉన్న మన పాత ఫ్రిజ్‌ను నేను ఇంటికి తెచ్చుకున్నాను. నీకు చెప్పొద్దని తమ్ముడితో అన్నాను. నా ఫ్రిజ్ చెడిపోయింది, ఇది ప్లగ్గు పెట్టగానే పనిచేసింది, ఫ్రిజ్ మెకానిక్ కూతురిని కాబట్టి తెగ మురిసిపోయాను. వారం తిరక్కుండానే ఆ మురిపెం తీరిపోయింది. మోటారు ఆగదు. పొద్దున ఎలా మూలుగుతుందో సాయంత్రమూ అలాగే మూలుగుతుంది. వెనక గోడకు మంచు పేరుకుని, కింది అరలో పాలు కూడా గడ్డకడుతున్నాయి. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు భరించలేక ప్లగ్గు తీసేస్తాను. అప్పుడు లోపల్నుంచి టక్, టక్ మని చప్పుడు. అమ్మ అటుగా వెళ్తూ వేలి కణుపుతో దాని తలుపు మీద కొట్టి, "ఏమ్మా, బాగున్నావా" అని పలకరించేది గుర్తుందా? అదే చప్పుడు, కాకపోతే లోపల్నుంచి. నేను వంటింట్లో ఉండలేక వాకిట్లో కూర్చుంటున్నాను.

మొన్న నీ మనవరాలు ఐసు కోసం ఫ్రిజ్ లోపలి నాబ్ తిప్పి ఏడో నంబరు మీద పెట్టింది. దాని చెయ్యి అక్కడ చూడగానే నాకు ఒళ్ళు తెలియలేదు. చెంప ఎర్రగా కమిలేలా కొట్టాను. తొమ్మిదేళ్ళ పిల్ల. ఏడవను కూడా లేదు. "ఐసు కోసమే కదమ్మా" అంది. నేను ఎవరికీ చెప్పుకోలేకపోయిన మాట దాని నోట విన్నాను నాన్నా.

నాకు పన్నెండేళ్ళప్పుడు, అమ్మ పోవడానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, స్నేహితురాళ్ళు వస్తున్నారని, ఐసు త్వరగా కావాలని నాబ్‌ను మూడు నుంచి ఏడుకు తిప్పాను. మర్నాడు చూస్తే వెనక గోడకు ఆనుకుని ఉన్న అమ్మ ఇన్సులిన్ సీసాలో మందు తెల్లగా గడ్డకట్టి ఉంది. గడ్డకట్టిన మందు ఇక పనికిరాదని అమ్మే చెబుతూ ఉండేది. తిడతారని భయమేసింది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కరిగించాను. చూడటానికి మామూలుగానే ఉంది. ఎక్కడిది అక్కడ పెట్టేసి, నాబ్ మళ్ళీ మూడుకు తిప్పేశాను. అమ్మ ఆ మందే వేసుకుంది. రోజూ సూది గుచ్చుకుంటుంటే చూస్తూ ఉన్నాను, ఒక్కరోజు కూడా చెప్పలేదు.

"అందరి ఫ్రిజ్‌లూ బాగుచేస్తాడు, ఇంట్లోది మంచుకొండలా పేరుకుపోతే పట్టదు, మందు పాడవక ఏమవుతుంది" అని అమ్మ పోయాక అత్త పదిమందిలో నిన్ను అంది. నువ్వు తలవంచుకున్నావు. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ ముట్టలేదు, గోడౌన్లో కాపలాకి కుదిరావు. నా తప్పు నీ నెత్తిన పెట్టి, ఇరవై నాలుగేళ్ళు నోరు మెదపకుండా నీ పక్కన కూర్చుని అన్నం తిన్నాను.

ఇప్పుడు నాబ్‌ను ఒకటి మీద పెట్టినా అంతా గడ్డకడుతూనే ఉంది. అది నన్ను వదిలేలా లేదు. ఆదివారం పాత సామాన్లవాడిని రమ్మన్నాను. ఇదంతా చదివాక నన్ను కూతురని పిలవాలో వద్దో నీ ఇష్టం.

బుజ్జి


బుజ్జీ,

ఆదివారం అతన్ని రావద్దను. ఉత్తరం పట్టుకెళ్ళడానికి నీ తమ్ముణ్ణి వాకిట్లో నిలబెట్టి ఇది రాస్తున్నాను. గీతలు వంకరపోతే నా కళ్ళని తిట్టుకో.

ముందు ఫ్రిజ్ సంగతి. ప్లగ్గు తీశాక టక్ మనేది మీ అమ్మ కాదు. చలికి బిగుసుకున్న ప్లాస్టిక్కూ రేకూ వెచ్చబడుతూ సర్దుకుంటాయి, ఏ ఫ్రిజ్‌లోనైనా అంతే. షెడ్డులో దుప్పటి తీసి, ఊరికే ఆపి ఉంచిన దాని తలుపుకు నేను చాలాసార్లు చెవి పెట్టాను. ఎప్పుడూ ఏమీ వినబడలేదు. మోటారు ఆగకపోతే తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగమంటాను. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టు. వెనక జాలీ దుమ్ము దులపమంటాను, గోడకు జానెడు ఎడం ఉంచమంటాను. ఎవరడిగినా ఇవే చెబుతాను. నీకు ఇవేవీ అక్కర్లేదు. ఒకటి మీద పెట్టినా గడ్డకడుతోందని రాశావే, ఆ మాటతోనే నాకు అర్థమైపోయింది.

నాబ్ వెనక థర్మోస్టాట్ అని చిన్న డబ్బా ఉంటుంది. చల్లదనం చాలనుకోగానే మోటారును ఆపేది అదే. నువ్వు ఐసు పెట్టడానికి నాలుగు రోజుల ముందు బేకరీ అతను పరుగెత్తుకొచ్చాడు. అతని ఫ్రిజ్‌లో అది పోయింది, కేకులన్నీ పాడైపోతున్నాయి, ఆ రోజు షాపులు లేవు. కాదనడం నాకెప్పుడు చేతనైంది? మనదానిలోది ఊడదీసి అతనికి బిగించాను. మనదానికి రెండు వైర్లు కలిపి డైరెక్టు చేశాను. ఒకటి రెండు రోజులకని మా పనిలో అందరం చేసేదే. బొక్క కనబడకుండా నాబ్ మాత్రం దాని చోట మళ్ళీ గుచ్చేశాను. నువ్వు బడిలో ఉన్నావు. ఇంట్లో ఉంటే టార్చి నువ్వే పట్టేదానివి.

డైరెక్టు చేస్తే మోటారు ఇక ఆగదు. రెండు గంటలకోసారి ప్లగ్గు తీసి పెట్టమని మీ అమ్మకు చెప్పాను. మూడు రోజులు అలాగే చేసింది. నాలుగో రోజు జ్వరంతో పడుకుని లేవలేకపోయింది. నువ్వు నాబ్ తిప్పింది ఆ రోజే. కొత్తది రేపు తెస్తాను, రేపు తెస్తాను అంటూ ఉన్నాను.

ఇంకొకటి కూడా ఉంది. సీసా మీది కాగితం తడిసి ఉబ్బి ఉండటం మర్నాడు సాయంత్రం నేనూ చూశాను. గోడ మీద మంచు చూశాను. మందు గడ్డకట్టిందని నాకు తెలిసిపోయింది. వేరే సీసా తేవాలనుకున్నాను, పనిలో పడి మరిచిపోయాను. నువ్వు పిల్లవి, భయపడి చెప్పలేదు. నాకు ఆ భయం కూడా లేదు. అత్త అన్నది నిజం కాబట్టే తలవంచుకున్నాను. నేను మోసింది నీ తప్పు కాదు తల్లీ, నాదే. నువ్వూ ఒకటి మోస్తున్నావని తెలిసి ఉంటే ఎప్పుడో నోరు విప్పేవాణ్ణి.

నిన్ను ఊరడించడానికి కథ అల్లానని అనుకుంటావు, నీ సంగతి నాకు తెలుసు. నా మాట నమ్మొద్దు. ప్లగ్గు తీసి, నాబ్ లాగి, దాని వెనక స్క్రూ విప్పి నువ్వే చూసుకో.

మీ నాన్న


నాన్నా,

చూశాను. డబ్బా ఉండాల్సిన చోట ఏమీ లేదు. రెండు వైర్లు మెలేసి, పైన నల్ల టేపు చుట్టి ఉంది. టేపు కొస చిన్నగా మడిచి ఉంది. మళ్ళీ విప్పేటప్పుడు గోటికి అందాలని నువ్వు ఎప్పుడూ అలాగే మడిచేవాడివి.

రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. ఆ ముక్క ఒక్కసారి పైకి అంటే నీ సొమ్మేం పోయేది అనుకున్నాను. నేను మాత్రం ఏం అన్నానని? ఒకే ఇంట్లో ఉండి, ఎవరికి వాళ్ళం దాచుకుని, ఎదుటివాళ్ళ ముఖం చూడకుండా తిరిగాం.

నీ మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. కొట్టినందుకు క్షమించమన్నాను. అది నాబ్ చేతిలోకి తీసుకుని ఒకటి నుంచి ఏడు దాకా తిప్పి చూసింది. "అయితే అప్పుడు నువ్వు తిప్పితే ఏమీ కాలేదా అమ్మా?" అంది. ఏమీ కాలేదన్నాను. ఆ మాట అన్నాక ఏడుపు ఆగలేదు. అమ్మ పోయిందని ఏడ్చాను నాన్నా. ఇన్నాళ్ళూ అమ్మను తలుచుకుంటే ముందు భయం వచ్చేది. భయం లేకుండా అమ్మ కోసం ఏడవడం ఇదే మొదటిసారి.

పాత సామాన్లవాడిని వద్దన్నాను. వచ్చేటప్పుడు థర్మోస్టాట్ తీసుకురా. నీ కళ్ళకు ఆనకపోతే టార్చి నేను పడతాను. ఆ టేపు మాత్రం నేను ముట్టుకోలేదు. కొస నీ గోటి కోసం అలాగే ఉంచాను.

నీ కూతురు,
బుజ్జి