తీసేయవలసిన ఫోటో

ఓడ మేనేజరు గారికి,

అల్లా మీకు శాంతినివ్వాలి. కోపంలోనూ సలాం మానకూడదని ఊరందరికీ బోధించేవాణ్ణి, అందుకే ముందుగా ఈ మాట రాశాను.

మా పెళ్లయి ఇరవై ఐదేళ్లయిందని విశాఖ రేవులో మీ ఓడ ఎక్కాం. రెండో రోజు ఉదయం నుంచి నా భార్య హమీదాకు ఆగని వాంతులు. డాక్టరు కోసం మూడుసార్లు ఫోన్ చేశాను. మధ్యాహ్నం ఎవరో తలుపు కొడితే, డాక్టరే అనుకొని పరుగున తీశాను. మీ సిబ్బంది నలుగురు చప్పట్లు కొడుతూ, కేకు పట్టుకొని లోపలికొచ్చేశారు!

"ఆవిడకి ఒంట్లో బాగోలేదయ్యా, ఏటిది?" అన్నాను.

"ఒక్క ఫోటో సార్! తియ్యకపోతే మా ఆఫీసరు తిడతాడు. నవ్వండి సార్, నవ్వండి!"

హమీదా రెండు చేతులతో వాంతి సంచి పట్టుకొని ఉంది. జారిన ముసుగు సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అలాగే ఫోటో తీసేశారు. ఇప్పుడది మీ కంపెనీ పేజీలో ఉందని మా బావమరిది రఫీ చూపించాడు.

అయ్యా, తన ప్రవక్తను చేప మింగినప్పుడు కూడా అల్లా చీకటి మీద చీకటి కప్పి, ఆయన అవస్థ లోకం కంట పడనివ్వలేదు. నా భార్య అవస్థను ఊరికి చూపించడానికి మీరెవరు? తీర్పు రోజున ఏం జవాబిస్తారు?

ఇంతవరకూ రాసి హమీదాకు చదివి వినిపించాను.

"ఆళ్ల సంగతి సరే. మీరెందుకు నవ్వినారు?" అంది.

నిజమే. ఆ ఫోటోలో నా పళ్లన్నీ కనబడుతున్నాయి. నవ్వమన్నారు, నవ్వాను. మద్దిలపాలెం కూడలిలో గొంతు చించుకొని బోధించే నేను, తీర్పు రోజు ప్రశ్న మీకంటే ముందు నాకే వేసుకోవాలి.

దయచేసి ఆ ఫోటో తీసేయండి.

ఇట్లు,
హమీదా భర్త