వాతా? సూదా?

బంగారూ,

నెలలు నిండుతున్న మనిషివి, పుట్టింట్లో ఉన్నావు, నీకు చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఎవరి నోటో వినేకంటే నేను చెబితేనే మేలు. మన చిట్టిని పిచ్చికుక్క పిక్క మీద కరిచింది. కంగారుపడకు, నా పక్కనే కూర్చుని బొమ్మకు కట్టు కడుతోంది.

ఇనుము ఎర్రగా కాల్చాను. ఈ చేత్తో ఎంతమందికి వాతలు పెట్టలేదు! విషం అక్కడికక్కడే మాడిపోతుందని మా గురువుగారి మాట. "నాన్నా, అది నాకా?" అంది చిట్టి. ఇక చెయ్యి లేవలేదు. గాయం సబ్బుతో కడిగి, బండి కట్టించి పట్నం తీసుకొచ్చాను. ఇక్కడొక కొత్త డాక్టరు, ఇదే జబ్బుతో చచ్చిన కుందేళ్ల వెన్నుపాము ఎండబెట్టి, నూరి, చిట్టి పొట్టలో సూదితో ఎక్కిస్తున్నాడు. రోజూ కాస్త ఘాటు పెంచుతాడు. మా పాత వైద్యులంతా నవ్వుతున్నారు.

ఇంకొక మాట. కుక్కను లాగబోతే నా మణికట్టూ కొరికింది. నాకు నేనే వాత పెట్టుకున్నాను. నాకది చాలు.

నీ వైద్యుడు

*

ఏమండీ,

చదివి ఏడ్చాను. ఏడుపయ్యాక కోపం వచ్చింది. వాతే మందైతే చిట్టికెందుకు పెట్టలేదు? సూదే మందైతే మీరెందుకు వేయించుకోలేదు? మీ శాస్త్రాలు నాకు తెలియవు. ఇంట్లో ఇద్దరికి ఒకే జబ్బు చేస్తే ఒకే కషాయం కాస్తాం, అంతే తెలుసు. ఊరంతా నవ్వుతుందనేగా మీ బాధ? నవ్వనివ్వండి. నా కడుపులో ఉన్నది బయటికొచ్చి మీ పరువును "నాన్నా" అని పిలవదు. ఈ ఉత్తరం కింద పెట్టి, చెప్పులేసుకుని కదలండి.

మీ గయ్యాళి

*

బంగారూ,

బాబు పుట్టాడన్న కబురు అందింది. చిట్టి వీధంతా చాటింపు వేసింది.

నువ్వన్నట్టే ఆ రోజే వెళ్లాను. డాక్టరు ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. చిట్టే నా చొక్కా పైకెత్తి పట్టుకుని, "మెల్లగా వెయ్యండి, మా నాన్న ఉత్త పిరికాయన" అని చెప్పింది. ఇద్దరి సూదులూ ఎప్పుడో పూర్తయినా, కొన్నాళ్లు కనిపెట్టి చూడాలని మమ్మల్ని ఇక్కడే ఉంచాడు. ఈ జబ్బు పట్టినవాళ్లకు నీళ్లు చూస్తే గొంతు బిగుసుకుపోతుంది. అందుకని రోజూ పొద్దున్నే ఇద్దరం గ్లాసులు పట్టుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. దాని గొంతు వంకే చూస్తూ నేను తాగడం మరిచిపోయేవాణ్ణి. అది గటగటా తాగేసి, గ్లాసు బోర్లించి, "మళ్లీ ఓడిపోయావు!" అనేది.

ఇక గండం గడిచినట్టే, ఇంటికి వెళ్లమన్నాడు డాక్టరు. వస్తున్నాం. ఇవాళ పొద్దున కూడా నేనే ఓడిపోయాను.

నీ పిరికివాడు