పైకెక్కి చూడని చింతచెట్టు

కోవూరు,
1963 నవంబరు 9.

గూడూరు రైల్వేలో పనిచేసే హెబ్రోను గారికి, మీ కోవూరు ఇంటి చెట్లు కొట్టే సాయిబు సలాములు చేసి రాసుకునేది.

మొన్నటి గాలివానకు చింతకొమ్మ వంటింటి మీద పడి మీ అమ్మగారు పోయినారు. సమాధుల తోటలో మీరు నా చేయి పట్టుకుని, "దేవుడి చిత్తం సాయిబూ, ఎవరిని అనగలం?" అన్నారు.

వేసవిలో అమ్మగారు నన్ను పిలిపించి, "ఆ కొమ్మ కిర్రుమంటా ఉంది, పైకెక్కి చూడు సాయిబూ," అన్నారు. పైన ఎర్రచీమల గూళ్లు ఉన్నాయి. నాకు బస్సు తొందర. కిందనే నిలబడి గొడ్డలి వెనకవైపుతో మాను మీద రెండు దెబ్బలు కొట్టి, "గట్టిగానే ఉందమ్మా, మనవళ్ల కాలం దాకా భయం లేదు," అని చెప్పినాను. ఆమె నమ్మినారు.

విరిగిన కొమ్మను తీసేటప్పుడు చూసినాను. దాని మొదట్లో నా చేయి మోచేతి దాకా దూరే తొర్ర ఉంది. ఎక్కి ఉంటే కనపడేది. మీరు గూడూరు నుంచి రాకముందే ఆ ముక్కను చీల్చి కాల్చేసినాను.

మిగిలిన మాను కూడా నన్నే కొట్టమని కబురు పంపినారు. ఆ పని ఇంకొకరికి ఇవ్వండి. మీరు మళ్లీ వచ్చిన రోజు మీ గడప ముందు నిలబడతాను, ఏం చేసినా సరే.

మీ చెల్లెలు ఆనందకుమారమ్మకు మాత్రం మీరే చెప్పండి. నాకు జ్వరమని విని ఆ అమ్మ రోజూ గంజి కాచి పంపిస్తా ఉంది. వద్దని చెప్పలేక తాగుతున్నాను.