బోర్లించిన బూట్లు

మా ఆయనకీ, మైదానంలో పరుగు నేర్పే మా సారుకీ,

ఇద్దరూ ఒక్కరే కాబట్టి ఒక్క ఉత్తరంతో సరిపెడుతున్నాను. వదినకు ఒంట్లో బాగాలేదని చెప్పి అన్నయ్య ఇంటికి వచ్చాను కదా, అది అబద్ధం. వదిన గుండ్రాయిలా ఉంది. బాగాలేనిది నాకే. పాదంలో ఎముక చిట్లింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీసి చూపించింది, వెంట్రుకంత గీత.

మీరు ఎదురుగా ఉంటే ఈ మాట చెప్పలేను. నోరు తెరిచేలోగా "భుజాలు వదులు, మెడ నిటారుగా పెట్టు" అంటారు, నేను మెడ సరిచేసుకుంటూ ఉండిపోతాను. అందుకే కాగితం పట్టుకున్నాను. దీని ముందు ఎలా కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు.

ఆ పలచటి బూట్లు తెచ్చిన రోజు నేనూ సంబరపడ్డాను. అట్టముక్కంత అడుగు, వట్టికాళ్ళతో నడిచినట్టే ఉండేది. మడమ మోపకుండా, పాదం ముందుభాగం మీద, చిన్న చిన్న అడుగులు వేయమన్నారు. మైదానంలో అయితే సరే. ఇల్లు కూడా మైదానమైపోయింది. వంటింట్లోంచి పడగ్గదికి వెళ్తుంటే పక్క గదిలోంచి "మడమ!" అని కేక. మంచినీళ్ళకు లేచినా పిల్లిలా నడవాలి. నా ఇంట్లో నేనే దొంగనయ్యాను.

చాలా దూరం పరిగెత్తి ఒళ్ళు అలిసిపోయాక పాత అలవాటే వచ్చేస్తుంది, మడమే ముందు పడుతుంది. బూటడుగున అక్కడే అరిగిపోయేది. ఆదివారం మీ దగ్గర నేర్చుకునేవాళ్ళందరి బూట్లూ బల్లమీద బోర్లించి మీరు అరుగుదల చూస్తారు కదా, ఆ భయానికి శనివారం బట్టలుతికే రాయి మీద బూటు ముందుభాగాన్ని రుద్దేదాన్ని, అదే ఎక్కువ అరిగినట్టు కనబడాలని. మీరు దాన్ని ఎత్తి పట్టుకుని "చూడండి, బూటడుగు అబద్ధమాడదు" అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఏం చేయను, నేనూ కొట్టాను.

మనతో పరిగెత్తే బ్యాంకావిడ పిక్కలు పట్టేసి ఏడుస్తూ "మీకు రాని నొప్పి నాకే ఎందుకండీ?" అని అడిగింది. ఆవిడ పరిగెత్తే దూరం పెంచింది నా బూట్లు చూసే.

డాక్టరు బూట్లను తప్పుపట్టలేదు. "కొందరికి ఇవే హాయి. కానీ ఇన్నేళ్ళు మెత్తటి బూట్లకు అలవాటుపడ్డ పాదం గట్టిపడాలంటే నెలలు పడుతుంది. ఒక్కసారిగా మార్చేసి అంత దూరం పరిగెత్తారా? ఎవరు చెప్పారమ్మా?" అంది. మా ఆయనే అని చెప్పలేక నవ్వేశాను.

ఈ ఆదివారం అందరికీ నిజం చెప్పండి. నాకు పాత బూట్లు తొడుక్కోనివ్వండి. అంతే చాలు, వచ్చేస్తాను.

మీ మాట జవదాటలేని
మీ ఇంటావిడ

*

బంగారం,

నీ ఉత్తరం చదివాను. కోపం లేదు. నువ్వు లేక ఇల్లు బావురుమంటోంది, ముందు ఆ మాట చెప్పాలి.

నువ్వు పరిగెత్తేటప్పుడు తీసిన వీడియోలన్నీ మళ్ళీ వేసుకుని చూశాను. తప్పు దొరికింది. అలిసిపోయాక పాదాన్ని ఒంటి కింద కాకుండా బాగా ముందుకు చాచి వేస్తున్నావు. ఎముక చిట్లింది అందుకే. పద్ధతిలో లోపం లేదు, కంగారుపడకు.

రాయి సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ. పెద్ద పోటీ దగ్గరపడింది, ఇప్పుడు చెబితే అందరి నమ్మకమూ సడలిపోతుంది. పోటీ అయ్యాక నేనే నెమ్మదిగా చెబుతాను. నీకోసం వ్యాయామాల పట్టిక తయారుచేస్తున్నాను. ఒక్కటి రాయడం మరిచిపోయావు. ఇంతకీ ఏ పాదం?

నీవాడు

*

శ్రీవారికి,

మీ ఉత్తరం వదినకు చదివి వినిపించాను. చివరి మాట దగ్గర ఆవిడ "ఏంటీ, ఏ పాదమో కూడా తెలీదా?" అంది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపు ఆగలేదు.

రెండు నెలలుగా మెట్ల కమ్మీ పట్టుకుని దిగుతున్నాను. మీరు చూశారు. చూసి, "చెయ్యి వదులు, భుజం బిగుసుకుపోతుంది" అన్నారు. వీడియోలు ఎన్నిసార్లు తిప్పితిప్పి చూసినా పాదం ఎక్కడ పడిందో కనబడింది మీకు, కుంటుతున్నానని కనబడలేదు. మీరు చెడ్డవారు కారు. అదే నా ఖర్మ. చెడ్డవారైతే ఎప్పుడో తిరగబడేదాన్ని.

బ్యాంకావిడకు నేనే ఫోన్ చేసి రాయి సంగతి చెప్పేశాను. "ముందే చెప్పుంటే బాగుండేది కదండీ" అంది. పడ్డాను. ఆదివారం అందరికీ తనే చెబుతుందట.

పరుగు మానను. ఎముక అతికాక, మెల్లగా, నా పాదం ఒప్పుకున్న బూట్లతో పరిగెత్తుతాను. మీ ముందు మాత్రం కాదు. ఇక్కడ ఎవరూ కేకెయ్యకపోయినా నా మడమ ఇంకా నేలకు ఆనడం లేదు. నిన్న వరండాలో గోడ పట్టుకుని ఆనించబోతూ చుట్టూ చూశాను, మీరున్నారేమోనని. ఆ చూపు పోయేదాకా ఇంటికి రాను.

పట్టిక తయారుచేయకండి. అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ఎడమది.

మీ ఇంటావిడ